ఎండలో పొగమంచు

పొగమంచు లేదు. మీరే పుట్టించారు. విమాన కంపెనీ దొరలూ, సీట్లు నిండని రోజునల్లా నెపం ఆకాశం మీదికి నెట్టి చేతులు దులుపుకున్నారు. ఆ అబద్ధాన్ని మీకోసం మోసినవాడి సంగతి వినండి.

ఆ చిన్న విమానాశ్రయంలో చక్రాల కుర్చీలు తోసే మనిషి అతను. అందరికీ బాబాయి. పొద్దున్నే కుర్చీలు తడిగుడ్డతో తుడుస్తున్నాడు, చక్రాలకు చుట్టుకున్న వెంట్రుకలు గోళ్ళతో లాగుతున్నాడు. అరచేతులు చెప్పు అట్టల్లా గట్టిపడ్డాయి. ఎందరినో విమానం మెట్ల దాకా చేర్చాడు కానీ తాను ఒక్క మెట్టూ ఎక్కలేదు.

ఇవాళ ఎక్కాలి. కొండల అవతలి ఊళ్ళో అక్క ఆస్పత్రిలో ఉంది. అమ్మ పోయాక అతన్ని చంకన వేసుకుని పెంచిన అక్క. ఈ పూట గడిస్తే గొప్పన్నారు డాక్టర్లు. గాలిలో నూట ఎనభై కిలోమీటర్లు, నలభై నిమిషాలు. బస్సులో కొండలన్నీ చుట్టి దిగేసరికి పొద్దు గూకుతుంది.

ఫోన్లో అక్క గొంతు పీలగా వచ్చింది. "బయల్దేరావుట్రా?"

"నలభై నిమిషాలే అక్కా. నువ్వు కాఫీ తాగి మూతి తుడుచుకునేలోగా నీ ముందుంటా."

"గొప్పలు చాల్లే. కిటికీ పక్కన కూర్చోకు, కళ్ళు తిరుగుతాయి."

ఫోను జేబులో పెట్టుకుంటుండగానే మేనేజరు వచ్చాడు. "బాబాయ్, ఆ బోర్డు పెట్టేయ్."

వాతావరణం బాగాలేదని రాసిన బోర్డు. సీట్లు నిండకపోతే దాన్ని తెచ్చి తలుపు దగ్గర నిలబెట్టడం అతని పనే. వాతావరణం అంటే జనం నోరెత్తరు.

"ఇవాళ నేనూ ఎక్కుతున్నాను సార్. టికెట్టు కొన్నాను."

"నీతో కలిపి తొమ్మిది మందే. పైవాళ్ళు వద్దన్నారు, నా చేతుల్లో ఏముంది?"

"మబ్బు తునక కూడా లేదు కద సార్."

"నీకు తెలియనిదేముంది బాబాయ్. ఇన్నేళ్ళుగా పెడుతున్నది నువ్వే."

బోర్డు తెచ్చాడు. నిలబెట్టలేదు, గోడకు తిప్పి ఆనించాడు.

కుర్చీలో కూర్చున్న ముసలావిడ అడిగింది. "ఏం నాయనా, పైన మంచు బాగా పడుతోందా?"

"మంచు లేదమ్మా. మనుషులం చాలలేదు."

అక్కడి నుంచి పరుగున బస్టాండుకు పోయాడు. కిటికీ పక్కనే చోటు దొరికింది. ప్రతి మలుపులోనూ నీలంగా, నిండు ఎండలో, ఖాళీగా ఆకాశం కనబడుతూనే ఉంది.

చేరేసరికి వార్డులో దీపాలు వెలిగాయి. మంచం మీద దుప్పటి మార్చేశారు. నర్సు తల దించుకుంది.

"మధ్యాహ్నమే పోయారండీ. తమ్ముడొచ్చి కూర్చుంటాడు అంటూ మంచం పక్కన ఆ స్టూలు దగ్గరుండి వేయించుకున్నారు, దాన్ని మమ్మల్ని తీయనివ్వలేదు."

దొరలూ, టికెట్టు అమ్మిన విమానం ఎగరాలి. ఒక్కడున్నా ఎగరాలి. రేపటి నుంచే. కుదరదంటారా? అయితే రండి, మంచం పక్కన అక్క వేయించిన ఆ ఖాళీ స్టూలు మీద కూర్చుని ఆ మాట చెప్పండి.