గురవమ్మ బండ కింది మట్టి

పురుగుమందు కొట్టిన చొక్కాను తక్కిన బట్టలతో కలిపి నానబెట్టకూడదని అమ్మ నాకు ఏడేళ్లప్పుడే నేర్పింది. మిరప చేలో మందు కొట్టి నాన్న ఇంటికొచ్చాడంటే చొక్కా, లుంగీ, స్ప్రేయరు డబ్బా అన్నీ పెరటి మూలనున్న బండ మీదికి చేరేవి. అమ్మ గురవమ్మ వాటిని మూడు నీళ్లు పెట్టి కడిగేది. అవి ఉతికిన రోజుల్లో తను అన్నం చేత్తో ముట్టేది కాదు. నేనే పప్పన్నం కలిపి ముద్దలు తన నోట్లో పెట్టేదాన్ని. నా చిన్నప్పటి సంతోషాల్లో అంత పెద్దది మరొకటి లేదు. ఎందుకు పెడుతున్నానో తెలియని వయసు మరి. ఊళ్లో మాత్రం నాన్నదే పేరు. "మా పుల్లయ్య ఒళ్లు దాచుకోడు, ఎంత ఎండలోనైనా మందు కొడతాడు" అనేవాళ్లు.

ఇప్పుడు నరసరావుపేట కాలేజీ ల్యాబులో నేను చేసేదీ ఆ కడుగునీళ్ల పనే. నీళ్లలో కాస్త అన్నభేది అనే ఇనుప లవణం, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపితే మందు సగం విరిగిపోతుంది. మిగిలిన సగాన్ని మట్టిలోని సూక్ష్మజీవులకు వదలాలి. "డబ్బాలు కడిగేదానికి పీహెచ్‌డీ ఏందే?" అని నవ్వుతాడు మా ఆయన సుధీర్ బాబు, చేలో నుంచి వచ్చి మందు చొక్కా నా చేతికిస్తూ. అది ఉతికిన రోజున నేను చెంచాతో తింటాను. నాకు ముద్దలు పెట్టేవాళ్లు లేరు.

ఆరు పొలాల మట్టి తెచ్చి చూశాను. ఏదీ పనికి రాలేదు. చివరికి అమ్మ బండ కింది మట్టి వేస్తే తొమ్మిదో రోజుకు మందు జాడ లేదు. ముప్పై ఏళ్లు ఆ నీళ్లే తాగి ఆ జీవులు దాన్ని తినడం నేర్చుకున్నాయి. ఆనందం పట్టలేక అమ్మకు ఫోన్ చేశాను.

"నీ బండ కింది పురుగులు మందంతా తినేసినయ్ అమ్మా!"

"తినక ఏం జేస్తయ్యే? ఇన్నేళ్లూ నేను పెట్టింది అదేగా," అంది. మళ్లీ తనే, "నా చేతులకే ఇంకా పడలా. నిన్న గూడా తోలు ఊడింది," అంది.

పరిశోధన పేపర్లో ఆ మట్టి ఎక్కడిదో రాయాలి. మా గైడు సారు 'రైతు పుల్లయ్య స్థలం' అని రాయించారు. "ఇంటి పట్టా మీ నాన్న పేరు మీదేగా దేవికా. బట్టలుతికే బండ అంటే నవ్వుతారు," అన్నారు. నాకు ఒళ్లు మండింది. పంపేముందు ఆ మాట కొట్టేసి, 'గురవమ్మ ముప్పై ఏళ్లు మందు బట్టలు ఉతికిన చోటు' అని రాశాను. నవ్వేవాళ్లు నవ్వనీ.

ఇంటికెళ్లేసరికి సుధీర్ బాబు చేలో నుంచి వచ్చి ఉన్నాడు. మందు చొక్కా నా వైపు చాపాడు. "బండ మన పెరట్లోనూ ఉంది. మూడు నీళ్లు పెట్టాలి," అన్నాను.

ఆ పూట నా అన్నం నా చేత్తో కలుపుకుని తిన్నాను.