నిమిషం చదువు

మాది ఆదివాసీ పిల్లల ఆశ్రమ పాఠశాల. మా పిల్లలకు చదవడం వచ్చో రాదో తేల్చడానికి పైనుంచి ఒకాయన దిగాడు. పిల్లలు ఆయనకు కొలతల సారు అని పేరు పెట్టారు. నిమిషంలో ఎన్ని మాటలు చదివితే అంత చదువు వచ్చినట్టని ఆయన లెక్క. అర్థమైందా అని అడిగే పని పెట్టుకోలేదు. తప్పినవాళ్లు సెలవులకు ఇంటికి వెళ్లకుండా ఇక్కడే ఉండి నేర్చుకోవాలట. బడి నడిచినన్నాళ్లూ నేను నేర్పలేనిది సెలవుల్లో ఎవరు నేర్పుతారో ఆ దేవుడికే తెలియాలి.

మా బడిలో ఇద్దరు అక్కాచెల్లెళ్లున్నారు. అక్క ఏ పుస్తకమిచ్చినా గడగడా చదివేస్తుంది. చెల్లి ఇంకా కూడబలుక్కుంటుంది. ఇంట్లో వాళ్ల భాష వేరు, కథలన్నీ చెవితో పట్టుకున్నవే.

అందరికీ ఒకటే కథ, మేకపిల్ల బజారుకెళ్లిన కథ. మిగతా పిల్లలు కిటికీ బయట వరసలో నిలబడ్డారు. అక్క వంతు వచ్చింది.

"మేకపిల్ల... ఒక రోజు... బజారుకు..."

పసిపిల్లకు ముద్దలు పెట్టినట్టు ఒక్కో మాటా విడదీసి, ఆగి ఆగి చదివింది. నాకు మతిపోయింది.

"భయపడినట్టుందండీ, ఇంకోసారి చదివించండి," అన్నాను.

"భయానికి మా పట్టికలో గడి లేదు మాస్టారూ," అన్నాడు కొలతల సారు.

ఆ పిల్లను బయటికి, పక్కకు పిలిచాను. "ఏంటమ్మా ఇది? నీకు రాకనా?"

"చెల్లి ఎలాగూ తప్పుతుంది సార్. ఒక్కతే ఉంటే ఏడుస్తుంది. నేనూ ఉంటాను."

అంతలో లోపలినుంచి చెల్లి గొంతు. కిటికీలోంచి చూశాం. కథంతా తడుముకోకుండా చెప్పేస్తోంది, కళ్లు మాత్రం పైకప్పు మీదున్నాయి. మిగతావాళ్ల పరుగు చదువు దాని చెవికి అందలేదు. అక్క విడమరచి చదివింది మొత్తం అందింది. కొలతల సారు గడియారం మీంచి చూపు తిప్పితేగా.

"ఆణిముత్యం మాస్టారూ. దీన్నా మీరు వెనకబడిందన్నారు?"

నేను నోరు తెరవబోయాను. అక్క నా చెయ్యి పట్టుకుంది.

"చెప్పకండి సార్. అదైనా అమ్మ దగ్గరికెళ్తుంది."

చెప్పలేదు. ఆ సారు మీద ఎంత కోపమొచ్చిందో, నా మీద అంతకు రెట్టింపు వచ్చింది.

సెలవులిచ్చిన రోజు చెల్లి ఏడుస్తూ అమ్మ వెంట వెళ్లింది. చదవడం వచ్చిన పిల్ల చదవడం నేర్చుకోవడానికి ఉండిపోయింది.