గాలికి నానార్థాలు

పక్షవాతం వచ్చి లేచాక మేస్త్రీ నోట్లో ఒక్క మాటే మిగిలింది: గాలి.

అన్నం కావాలన్నా గాలే, మంచం దిగాలన్నా గాలే, కూతురు ఫోను చేసినా గాలే. ఆ మాటే ఎందుకు మిగిలిందో ఇంట్లో అందరికీ తెలుసు. పడిపోయిన రోజున ఆయన తన లారీ రిపేర్ల షెడ్డులో ఒక జాకీ ముందు కూర్చుని, ఆయిలు పైపులో చిక్కుకున్న గాలిని వదులుతూ, "ఇంకా గాలి ఉందిరా" అని తమ్ముడికి చెబుతున్నాడు. ఇల్లు అంటుకుంటే చేతికందిన వస్తువుతో బయటపడ్డట్టు, ఆ మాటతో బయటపడ్డాడు.

ఆయన భార్య బీయే తెలుగు చదివింది. పెళ్ళయ్యాక ఆ చదువు వంటింటి డబ్బాల మీద చీటీలు అంటించడానికి తప్ప ఎందుకూ అక్కరకు రాలేదు. ఇప్పుడొచ్చింది. ఒక పదం, నానార్థాలు. సాగదీసి అంటే ఫ్యాను. తుంచి అంటే బాత్రూము. చివర తగ్గిస్తే అన్నం. విసుగ్గా రెండుసార్లంటే టీవీలో వార్తలు కట్టెయ్యమని. నాలుగు నెలల్లో ఆమె ఒక నిఘంటువే తయారుచేసుకుంది. డాక్టరు కూడా మేస్త్రీని వదిలేసి, "ఏమంటున్నారమ్మా?" అని ఆమెనే అడిగేవాడు. ఆమెకు లోలోపల కాస్త గర్వంగానే ఉండేది. ముప్పయ్యేళ్ళు తన మాటకు అడ్డొచ్చిన మనిషికి ఇప్పుడు తనే నోరు.

తెలిసిన చప్పుళ్ళు చెవిన పడితే మంచిదని డాక్టరు అన్నాడు. అందుకని ఆ పొద్దున ఆమె చక్రాల కుర్చీ తోసుకుంటూ, ఇంటి వెనకే ఉన్న షెడ్డుకి ఆయన్ని తీసుకెళ్ళింది. ఇప్పుడు షెడ్డు చూసుకుంటున్నది మరిదే. తొట్టి పైకెత్తి మట్టి పారబోసే టిప్పరు లారీ ఒకటి మధ్యలో నిలబడి ఉంది.

"రా అన్నయ్యా! నీ సింహాసనం ఎక్కడ వెయ్యమంటావు?" అన్నాడు మరిది.

"మేస్త్రీ గారూ, బాగున్నారా?" లారీ డ్రైవరు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"గాలి."

"బాగున్నారట," అని ఆమె అనువదించింది.

మరిది ఇంజను వేయించి లివరు లాగాడు. పంపు గొంతులో కఫం అడ్డుపడ్డట్టు గరగరమంది. తొట్టి లేచింది కాని నెమ్మదిగా, నిండుగా లేవలేదు. మోకాళ్ళ నొప్పుల మనిషి మెట్లెక్కినట్టు ఆగి ఆగి, ఉలిక్కిపడుతూ లేచింది.

"గాలీ..." అన్నాడు మేస్త్రీ.

ఆమె గోడ ఫ్యాను ఆయన వైపు తిప్పింది.

"నిన్ననే కొత్త కప్లింగు వేశా. సర్దుకుంటుందిలే," అంటూ మరిది, ట్యాంకు నుంచి పంపుకి ఆయిలు వెళ్ళే పైపు కీలు చుట్టూ తెల్లగుడ్డ తిప్పి చూపించాడు. "చూడొదినా, చుక్క కారలేదు."

ఇంజను ఆపించాడు. పైకి లేచిన తొట్టి కింద ఒక పైపు వేలాడుతోంది, దానికి క్లిప్పు బిగించాలి. తొట్టి కిందికి దూరే ముందు ఇనుప ఊతం నిలబెట్టాలన్నది మేస్త్రీ పెట్టిన నియమం. ఆయన మంచాన పడ్డాక ఆ ఊతం గేటుకి అడ్డగడియగా ఉద్యోగం మారింది. మరిది గేటు వైపు ఒకసారి చూసి, స్పానరు తీసుకుని వంగాడు.

"గాలి, గాలి!"

"లారీలో ఆ రేడియో వార్తలు కట్టెయ్యి నాయనా," అంది ఆమె డ్రైవరుతో.

"అన్నయ్యకి ఉక్కగా ఉన్నట్టుంది, ఇంట్లోకి తీసుకెళ్ళు. రెండు నిమిషాల పని నాది," తొట్టి కిందినుంచి మరిది గొంతు.

రేడియో ఆగింది, ఫ్యాను తిరుగుతోంది, అయినా మేస్త్రీ ఊరుకోలేదు. పనిచేసే ఎడమచెయ్యి ఎత్తి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి గాలిలో దేన్నో తిప్పాడు. ఎడమకి, కొంచెమే. మరను వదులుచేసినట్టు. ఆ తిప్పటం ఆమె ముప్పయ్యేళ్ళుగా వంటింటి కిటికీలోంచి చూసింది. సగం మర వదిలి, చెవి ఒగ్గి, బుస్సుమంటే...

ఆమె నానార్థాలన్నీ వెతికింది. అసలు అర్థాన్నే మరిచిపోయింది.

"బయటికి రా!"

"ఏంటొదినా, ఇదిగో అయిపో..."

"బయటికి రారా ముందు!"

వదిన నోట 'రారా' అనిపించుకోవడం అతనికి జన్మలో అదే మొదటిసారి. తొట్టికి భయపడి కాదు, ఆ పిలుపుకి బిత్తరపోయి బయటికొచ్చాడు. తొట్టి మాత్రం కదల్లేదు.

"చూశావా? ఊరికే కంగారు పెట్టేశావు."

"ఊతం పట్రా. పెట్టి, అప్పుడు నవ్వు."

సణుక్కుంటూ, డ్రైవరుని సాయం పట్టుకుని, పక్కనుంచే ఊతాన్ని దాని గూట్లో నిలబెట్టాడు. ఇద్దరూ చేతులు దులుపుకుంటుండగా తొట్టి మూలిగింది. ఒక్కసారిగా జానెడు కిందికి జారి, ఊతం మీద ధడాలున కూర్చుంది. షెడ్డు రేకులు అదిరాయి.

మరిది తన మెడ తడుముకున్నాడు. చంకలో పెట్టుకున్న స్పానరు కిందపడింది. దాన్ని తియ్యడానికి అతను వంగలేదు.

మేస్త్రీ నూనెడబ్బా వైపు చెయ్యి చూపించాడు. ఈసారి ఆమె అనువదించలేదు, డబ్బా తెచ్చింది. తొట్టి ఊతం మీదే ఉండగా, లివరు ముట్టుకోకుండా పంపు ఒక్కటీ నడిపించారు. మళ్ళీ అదే గరగర. ఆయన చూపిన కీలు మీద ఆమె ధారగా నూనె పోసింది. గరగర ఆగింది. పోయడం ఆపితే మళ్ళీ మొదలైంది.

"బయటికి కారట్లేదు," అన్నాడు మరిది, "లోపలికి పీలుస్తోంది. నేను గుడ్డ పెట్టి తుడిచానే..."

కప్లింగు విప్పితే లోపలి రబ్బరు రింగు అంచు మడతపడి ఉంది. వెంట్రుకవాసి సందు. ఆ సందులోంచి పీల్చిన గాలికి ఆయిలు నురగైంది. నురగ బరువు మొయ్యదు, వాల్వుని సరిగా మూసుకోనివ్వదు. ఇదంతా అన్న తనకి నేర్పిందే. రింగు మార్చి, పంపుతో కొత్త ఆయిలు తోయించి, తొట్టిని ఎత్తే సిలిండరు నెత్తిమీద మర సగం వదిలాడు. బుస్సుమని మజ్జిగలాంటి నురగ చిమ్మింది.

మేస్త్రీ కళ్ళు మూసుకుని వింటున్నాడు.

"ఉందా అన్నయ్యా?"

"గాలి."

ఇంకొంచెం వదిలాడు. "ఇప్పుడు?"

"గాలి."

బుస తగ్గింది, బుడగలు తగ్గాయి. చివరికి తేనెరంగు ఆయిలు చప్పుడు లేకుండా జారింది. మరిది మర బిగించి అన్న మొహంలోకి చూశాడు. "ఇప్పుడు అన్నయ్యా?"

మేస్త్రీ ఏమీ అనలేదు. అదే జవాబు. మరిది తలవంచుకుని, అన్న మోకాలి మీద నూనెచెయ్యి పెట్టాడు.

మధ్యాహ్నం ఇంట్లో కంచం కడుగుతుంటే మంచం మీంచి, "గాలీ..." అని వినిపించింది. ఆమె అలవాటుగా స్విచ్చు దాకా వెళ్ళి ఆగిపోయింది. ఈ నాలుగు నెలల్లో ఈయన మాట్లాడుతుంటే తను ఎన్నిసార్లు ఫ్యాను వేసిందో. కంచం పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏ గాలండీ? నిదానంగా చెప్పండి. నాకేం తొందర లేదు."

మరిది కిటికీలోంచి తల పెట్టాడు. "ఏమంటున్నాడొదినా?"

"తెలీదు," అంది ఆమె, ఆయన వేళ్ళ మీంచి చూపు తిప్పకుండా. "అడుగుతున్నా."