రెండు వ్యాన్లలోనూ లేని మనిషి

ఫెయిర్‌బ్యాంక్స్‌లో పొద్దున్నే వ్యాన్ ఎక్కినప్పటి నుంచీ వసుమతి నోరు మూయలేదు. విజయవాడలో తను ఉండే అపార్ట్‌మెంటులో లిఫ్టు చెడిపోయింది. కింది అంతస్తువాళ్లు మాకు లిఫ్టుతో పనేమిటన్నారు. దాని మీద మీటింగు పెట్టారు. ఆ మీటింగులో తను లేచి ఏమన్నదో మూడుసార్లు చెప్పింది. పక్క సీట్లో ఆవిడ వియ్యపురాలు ఛాయాదేవి కిటికీకి ముక్కు ఆనించి, పళ్లు బిగబట్టి కూర్చుంది.

ఈ ప్రయాణం కోసం ఛాయాదేవి ఏడాదిగా చదువుకుంటోంది. బడిలో ఆమె చదివింది రెండో తరగతి. మిగిలిన చదువంతా పచారీ పొట్లాల కాగితాల మీదా, అద్దె నవలల్లోనూ సాగింది. ఇప్పుడు కూతురు ఉండే ఊరు ఫార్మింగ్టన్ హిల్స్‌లోని లైబ్రరీ నుంచి మనవరాలు హాసిని బొమ్మల పుస్తకాలు తెచ్చి, తనకొచ్చిన తెలుగులో చెప్పిపెడుతోంది. ఉత్తరాన భూమికి ఒక గీత ఉందనీ, దాన్ని దాటితే వేసవిలో సూర్యుడు అస్తమించని రోజులుంటాయనీ తెలిసినప్పటి నుంచీ ఆ గీత చూడాలని ఆమె కోరిక. కూతురు రాగిణి, అల్లుడు దివాకర్ సెలవు పెట్టి టికెట్లు బుక్ చేశారు. తీరా బుక్ చేశాక దివాకర్ తల్లి వసుమతి ఇండియా నుంచి దిగింది.

రోడ్డంతా కంకర. లారీ ఎదురైతే దుమ్ములో ముందేముందో కనపడదు. రోడ్డు పక్కన స్తంభాల మీద చమురు గొట్టం మైళ్లకొద్దీ సాగుతోంది. వ్యాన్ నడిపే గైడు డార్లీన్ మైకులో వాటి గురించి చెబుతుంటే హాసిని వెనక్కి తిరిగి తెలుగులో చెప్పబోయింది.

"అమ్మమ్మా, ఈ భూమి కింద ఐస్ ఉందంట. వేల ఇయర్స్ నుంచి—"

"అద్దం కూడా పెట్టించలేదు వదినగారూ ఆ లిఫ్టులో!" అంది వసుమతి.

యూకాన్ నది దగ్గర వాళ్ల వ్యాన్‌నీ, వెనకే వస్తున్న టూరు రెండో వ్యాన్‌నీ టిఫిన్‌కి ఆపారు. చెక్క హోటలు, దాని వెనక నది, చుట్టూ ఈగలంత దోమలు. వ్యాన్ దిగుతూనే వసుమతి నాలుగోసారి మొదలుపెట్టింది.

"వదినగారూ, మీకు దండం పెడతాను. కాసేపు ఆ నోటికి విశ్రాంతి ఇవ్వండి," అంది ఛాయాదేవి.

వసుమతి మొహం మాడిపోయింది. వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

అనేసిన మరుక్షణమే ఎందుకన్నానా అనుకుంది ఛాయాదేవి. చిన్నప్పుడు గాజుల కోసం అక్కతో దెబ్బలాడి, అక్క బస్సెక్కేటప్పుడు గుమ్మంలోకి కూడా రాలేదు. ఆ అక్క మళ్లీ రాలేదు. భర్తను ఆపరేషన్‌కి తీసుకెళ్లేటప్పుడు కాఫీ ఫ్లాస్కు తేవడానికి కిందికి దిగింది; ఆయన్ని ప్రాణంతో మళ్లీ చూడలేదు. అప్పటి నుంచీ ఎవరినీ కోపంతో విడిచి కదలకూడదని ఆమె పట్టుదల. అయినా ఇవాళ విసుగే గెలిచింది.

"నేను వెనక వ్యాన్‌లో కూర్చుంటానే. అందులో సీట్లు ఖాళీగా ఉన్నాయి," అంది రాగిణితో.

"ఏమైందమ్మా?"

"ఆ లిఫ్టు నా వల్ల కాదు."

"అమ్మా, ప్లీజ్. అత్తయ్య ఫీల్ అవుతారు."

"అవనీ. గీత దాకానే కదా."

రాగిణి వెళ్లి వెనక వ్యాన్ గైడు వాల్ట్‌కి ఒక మనిషి ఎక్కువ వస్తుందని చెప్పింది. ఛాయాదేవి ఎక్కింది. వాల్ట్ తలలు లెక్కపెట్టాడు: ఏడు. డార్లీన్ కూడా లెక్కపెట్టింది: ఏడు. రెండు లెక్కలూ సరిపోయాయి. హారన్లు కొట్టి బయల్దేరారు.

గంట తర్వాత ఒక రాళ్లగుట్ట దగ్గర రెండు వ్యాన్లూ ఆగాయి. దివాకర్ ఒళ్లు విరుచుకుంటూ వచ్చాడు.

"అత్తయ్యా, అమ్మ నిద్రపోతోందా?"

"నన్నడుగుతావేం బాబూ? మీ వ్యాన్‌లోనే కదా ఉంది!"

"మా వ్యాన్‌లోనా? నేనూ వదినగారి దగ్గరికే పోతానని నాతో చెప్పింది. ఇద్దరు పెద్దవాళ్లూ వెనక వ్యాన్‌లో వస్తారని డార్లీన్‌కి నేనే చెప్పాను."

ఛాయాదేవి గబగబా ముందు వ్యాన్ తలుపు తీసి సీట్లన్నీ చూసింది.

"ఎక్కిందో లేదో నువ్వు చెక్ చేయలేదా?" అంది రాగిణి.

"మీ అమ్మ మారుతున్నారని నువ్వు నాకు చెప్పావా?"

"కార్ల కంపెనీలో క్వాలిటీ చూస్తావు. ఒక్క నట్టు తగ్గితే పట్టుకుంటావుట," అంది ఛాయాదేవి అల్లుడితో. "తల్లి తగ్గితే తెలియలేదా?"

ఫోన్లకు సిగ్నల్ లేదు. డార్లీన్ శాటిలైట్ ఫోన్‌లో హోటల్‌కి చేసింది, ఎవరూ ఎత్తలేదు. వాల్ట్ వ్యాన్ వెనక్కి వెళ్తుందనీ, మిగతావాళ్లంతా తన వ్యాన్‌లో సర్దుకుని ముందుకు రావాలనీ చెప్పింది.

"అమ్మా, దివాకర్ వెళ్తాడులే. ఇంకాసేపట్లో గీత దగ్గరుంటాం. ఏడాది నుంచీ గీత గీత అన్నావు," అంది రాగిణి.

"మీ ఆయన వెళ్తే లేస్తుందనుకున్నావా ఆవిడ? నీ పెళ్లికి గుమ్మం దాకా వచ్చి, నేను బొట్టు పెట్టి రమ్మనేదాకా కారు దిగలేదు. అరగంట! ఇప్పుడూ నేను పిలవాలని ఎక్కడో కూర్చునుంటుంది. హారన్ కొడితే పిలిచినట్టా?"

పైకి అంత ధీమాగా అంది గానీ, కళ్ల ముందు నది కనపడుతోంది. ఆ ఒడ్డున పట్టుకోవడానికి రెయిలింగు కూడా లేదు.

వెనక్కి గంట ప్రయాణం. "అత్తయ్యా, టెన్షన్ పడకండి," అన్నాడు దివాకర్ రెండుసార్లు.

"పడతాను. నా టెన్షన్ నా ఇష్టం."

హోటల్లో వసుమతి లేదు. వంటమనిషికి తెలియదు. బాత్రూముల దగ్గర లేదు. దివాకర్ హోటల్ ముందు ఆగిన లారీల వైపు పరుగెత్తాడు. ఛాయాదేవి మోకాళ్లు పట్టుకుంటూ ఒడ్డుకు దిగింది. అక్కడ ఒక దుంగ మీద, ఎవరిచ్చారో గాని, దోమల వల తగిలించిన టోపీ పెట్టుకుని, నీళ్ల వైపు చూస్తూ వసుమతి కూర్చుని ఉంది.

"ఏమండీ! రెండు వ్యాన్లూ హారన్ కొట్టాయి, వినపడలేదా?"

"వినపడింది. నేనేం కూరల బండి కోసం కూర్చున్నానా, హారన్ కొడితే లేచి రావడానికి? నా లిఫ్టు భరించలేక వ్యాన్ మారుతున్నానని మీరు రాగిణితో అనడం విన్నాను. ఆ వ్యాన్‌లోకే వచ్చి మొహం మీద అడుగుదామనుకున్నాను. కాళ్లు రాలేదు. ఎవరో ఒకరు రమ్మంటారుగా అని ఇక్కడ కూర్చున్నాను." టోపీ సర్దుకుంది. "చూద్దును కదా, వ్యాన్లు లేవు."

"విసుగొచ్చిందండీ. అబద్ధం ఆడను. ఇప్పుడూ వస్తోంది," అంది ఛాయాదేవి. "కానీ నేను విసుక్కున్నదే మీతో ఆఖరి మాట అయిపోతుందేమోనని ఈ గంటసేపూ నేను పడ్డది పగవాళ్లకి కూడా వద్దు."

వసుమతి టోపీ మీది వల పైకెత్తి ఆమెను చూసింది.

"విసుగొస్తే నాతోనే చెప్పాలి, కూతురితో కాదు. నాకేం ఆ లిఫ్టు ముచ్చటా? ఆ దుమ్ము, ఎదురొచ్చే ఆ లారీలు... ఏదో ఒకటి వాగకపోతే నాకు ప్రాణం పోయినట్టుంటుంది."

"ఆ ముక్క ఫెయిర్‌బ్యాంక్స్‌లోనే చెప్పి ఏడవచ్చుగా!"

"మీరు కిటికీలోంచి తల తిప్పితేగా!"

పైనుంచి దివాకర్ అరిచాడు: ముందు వ్యాన్ తిరిగొచ్చేసరికి ఇంకా మూడు గంటలు పడుతుందట, ఇప్పుడు మళ్లీ బయల్దేరితే తిరిగి చేరడం బాగా ఆలస్యమవుతుంది కాబట్టి గీతకు ఇక వెళ్లలేమని వాల్ట్ అంటున్నాడట.

"సరేలే!" అని అరిచింది ఛాయాదేవి. చేత్తో దోమను కొట్టుకుని, "జరగండి," అంటూ దుంగ మీద ఆవిడ పక్కన కూర్చుంది.