మిషను కింద పుట్టిన పిల్ల

పొట్టిది పోయింది. పెరట్లో గుడ్లు పొదుగుతున్న ఆ కోడిని వీధికుక్క నోట కరుచుకుపోయింది. గంపలో నాలుగు గుడ్లు మిగిలాయి, ఇంకా వెచ్చగానే ఉన్నాయి. మిగతా పెట్టల్లో కుదురుగా కూర్చుని పొదిగే రకం ఒక్కటీ లేదు. గుడ్డు పెట్టడం, ఊరంతా వినేలా అరవడం, తోక ఊపుకుంటూ పోవడం, అంతే వాటి సంసారం.

వీధంతా మిషనమ్మ అని పిలిచే ఆ దర్జీకి పొట్టిది మామూలు కోడి కాదు. మిషను చప్పుడు వినపడితే చాలు, ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి, కత్తిరింపు పీలికల్లో ఆమె పాదం పక్కనే ముడుచుకునేది. దాని పిల్ల ఒక్కటి బతికితే చాలు, ఆమెకింకేం అక్కర్లేదు.

ఆమె మొగుడు బస్సు డ్రైవరు. "ఆమ్లెట్టుకి సరిపోతాయి" అన్నాడు. ఆవిడ చూసిన చూపుకి మళ్లీ ఆ మాటెత్తితే ఒట్టు.

అట్టపెట్టె, బల్బు, గిన్నెలో నీళ్లు, అడుగున పీలికలు. మిషను కిందే ఏర్పాటు చేసింది. గుడ్లను తిప్పుతూ ఉండాలి, లేకపోతే లోపలి పిల్ల పెంకుకి అంటుకుపోతుంది. అందుకని బట్టల మీద గీసే సుద్దతో ప్రతి గుడ్డుకీ ఒకవైపు గీత పెట్టింది. పొద్దున గీత పైకి, సాయంత్రం కిందికి. డ్రైవరుగారేమో కనపడ్డవాళ్లందరికీ, మా ఆవిడ బల్బుని కోడిని చేసిందని చెప్పి నవ్వించాడు. నవ్విన నాపచేనే పండుతుందిలే అని ఆమె ఊరుకుంది.

కొన్నాళ్లకి ఏదో తేడాగా తోచింది. తాను పైకి పెట్టి వెళ్లిన గీత, వచ్చేసరికి కిందికి ఉంటోంది. పైగా ఆ గీత తనది కాదు. దర్జీ గీసిన గీతకీ, స్టీరింగు తిప్పే చెయ్యి గీసిన గీతకీ తేడా ఆమెకి తెలియదూ? ఒక మధ్యాహ్నం కుట్టిన బట్టలిచ్చొస్తానని బయల్దేరి, వీధి మలుపు దాకా పోయి, చప్పుడు కాకుండా వెనక్కి వచ్చింది. భోజనానికొచ్చిన మొగుడు కంచం వదిలేసి, మోకాళ్ల మీద కూర్చుని, గుడ్లు ఒక్కొక్కటే తిప్పుతున్నాడు. చెరిగిన గీతని మళ్లీ గీస్తున్నాడు. అది చాలదన్నట్టు "కొక్, కొక్" అని పెట్టలా పిలుస్తున్నాడు. నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వాపుకుంటూ ఆమె వచ్చిన దారినే వెళ్లిపోయింది. ఎంత ముద్దొచ్చాడో మహానుభావుడు.

మూడు గుడ్లు ఉలకలేదు, పలకలేదు. నాలుగోదానికి బీట పడింది. లోపల ప్రాణం గింజుకుంటుంటే ఆమె పెంకు ఒలవబోయింది. అతను చెయ్యి పట్టుకున్నాడు. "దాన్నే రానీవే. లాగితే రక్తం వస్తుంది" అన్నాడు. ఇద్దరూ పెట్టె ముందు కూలబడ్డారు. ఎట్టకేలకి తడిముద్దలా ఓ పిల్ల బయటపడి, బల్బు కింద ఆరి, పసుపుగా పొంగింది.

బయటికి తీయగానే అది అతను "కొక్" అనడం విని, తూలుకుంటూ అతని కాళ్ల దగ్గరికి పోయింది. మిషనమ్మ గుండె చివుక్కుమంది. ఇన్నాళ్లు కంటికి రెప్పలా కాస్తే, అమ్మ ఆయనా?

"ఏదో, నువ్వు లేనప్పుడు నాలుగుసార్లు పిలిచానంతే" అని నసిగాడు డ్రైవరు.

ఆమె వెళ్లి మిషను ముందు కూర్చుంది. రేపటికివ్వాల్సిన చొక్కా చెయ్యి ఒకటి మిగిలింది. కళ్లు తుడుచుకుని ఒక కాలితో తొక్కడం మొదలుపెట్టింది.

పిల్ల ఆగింది. మెడ తిప్పింది. గుడ్డులో ఉన్నన్నాళ్లూ నెత్తిన మోగిన చప్పుడది. అతన్ని అక్కడే వదిలేసి, పడుతూ లేస్తూ వచ్చి, ఆమె రెండో పాదం పక్కన, పొట్టిది పడుకున్న చోటే, పీలికల్లో ముడుచుకుంది.

ఆమె మిషనాపింది. పిల్ల కీచుమంది. మళ్లీ తొక్కింది. ఊరుకుంది.

పొద్దు గూకుతుంటే డ్రైవరు వచ్చి, వంట సంగతేమిటని మెల్లగా అడిగాడు.

"ఆపితే ఏడుస్తోందండీ. ఇవాళ్టికి మీరే వండండి" అంది.

అతను వంటింట్లోకి వెళ్లి గిన్నెలు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. చొక్కా చెయ్యి ఎప్పుడో అయిపోయింది. సూది కింద బట్ట లేదు. అయినా ఆమె తొక్కుతూనే ఉంది.