డెబ్బై మూడో అధికరణం

నేను ఒక పుస్తకాన్ని. విశాఖపట్నంలోని ఒక లా కాలేజీ లైబ్రరీలో, అంతర్జాతీయ చట్టం అని రాసి ఉన్న బీరువాలో పదకొండేళ్ళు గడిపాను. కథలూ కవితలూ నాలో లేవు. దేశాలు ఒకదానితో ఒకటి చేసుకున్న ఒప్పందాలు, మానవ హక్కుల ప్రకటనలు, సముద్ర చట్టం, ఖైదీల హక్కులు, అన్నీ కలిపి ఎనిమిది వందల పేజీలు. ఢిల్లీలో అచ్చయ్యాను. నాకు అట్ట అంటించిన ముసలాయన నాలో ఏముందో చూడలేదు. వెన్ను నిటారుగా నిలిచిందో లేదో చూసి పక్కన పెట్టేశాడు.

లైబ్రరీలో పరీక్షలకు వారం ముందు మాత్రమే నాకు గిరాకీ. చిత్రహింసల నిషేధం పక్కన ఒకడు ‘ఇంపార్టెంట్, రెండుసార్లు వచ్చింది’ అని రాసుకున్నాడు. భావ ప్రకటన స్వేచ్ఛ ఉన్న పేజీ అంచున ఇంకొకడు ఒక అమ్మాయి పేరు రాసి, భయపడి కొట్టేశాడు. పరీక్ష అయిపోగానే అందరూ నన్ను మరిచిపోయేవారు.

సూరాడ పైడితల్లి అలా కాదు. నాలుగో ఏడు చదువుతున్న జాలారిపేట అమ్మాయి. ఆమె అన్న తాతారావు మరో ఆరుగురితో బోటులో వేటకు వెళ్ళి పొరుగుదేశం వాళ్ళకు చిక్కాడు. అప్పటికి రెండు నెలలైంది. ఏడుగురూ అక్కడి జైల్లో ఉన్నారు. ఏ ఆఫీసుకు వెళ్ళినా ఒకటే మాట: “వాళ్ళ నీళ్ళలోకి వెళ్ళారు కదమ్మా, ఏం చేస్తాం?” నిజమే కాబోలని ఆమె కూడా తల దించుకుని వచ్చేసేది.

ఒక సోమవారం ఉదయం జుబేదా మేడమ్ క్లాసులో నన్ను తెరిచి డెబ్బై మూడో అధికరణం చదివారు. తీరం నుంచి పన్నెండు నాటికల్ మైళ్ళ దాకా ఆ దేశపు సొంత సముద్రం. అది దాటాక రెండు వందల మైళ్ళ దాకా చేపల మీద హక్కు ఆ దేశానిదే. అయితే అక్కడ చేపలు పట్టినందుకు పరాయి దేశపు మత్స్యకారుణ్ణి జైల్లో పెట్టకూడదు, రెండు దేశాల మధ్య వేరే ఒప్పందం ఉంటే తప్ప.

పైడితల్లి లేచి నిలబడింది. బెంచీ అంచు పట్టుకుని, “మేడమ్, మా అన్నయ్య...” అని ఆగిపోయింది.

మేడమ్ క్లాసు ఆపేశారు. ఆ దేశంతో మనకు అలాంటి ఒప్పందమేదీ లేదని చూసుకుని, అక్కడి మానవ హక్కుల లాయరొకామెకు ఫోను చేశారు. ఆమె కేసు కాగితాలు తెప్పించి మధ్యాహ్నానికి సంగతి చెప్పింది. పోలీసులు తొమ్మిదో మైలులో పట్టుకున్నామని రాశారు. కోర్టులో వాయిదా గురువారం. తొమ్మిది కాదు, పన్నెండు దాటాకేనని చూపే ఆధారం ఏదైనా బుధవారం సాయంత్రం ఐదింటిలోగా తనకు అందాలి. అందకపోతే రెండేళ్ళ శిక్ష ఖాయం.

ఆధారం ఒక్కరి దగ్గరే ఉంది. ఆ రోజు తాతారావు బోటు పక్కనే వేటాడి, తప్పించుకుని వచ్చిన వాసుపల్లి ఎల్లాజీ. వేటాడిన ప్రతి చోటునీ జీపీఎస్‌లో గుర్తు పెట్టుకునే మనిషి. పైడితల్లి వెంటనే బయల్దేరబోతే మేడమ్ ఆపారు.

“ఆ రోజు ఎక్కడ వేటాడాడో రాసి సంతకం పెడితే అతనికొచ్చే నష్టం ముందు చెప్పు. అది దాచి సంతకం తీసుకుంటే ఇన్నాళ్ళూ మనం చదివింది దండగ.”

“చెబితే పెట్టడు మేడమ్.”

“తెలుసు. అయినా చెప్పాలి.”

సంచిలో నన్ను వేసుకుని ఆమె ఫిషింగ్ హార్బరుకు వెళ్ళింది. ఎల్లాజీ జెట్టీ మీద వల బాగుచేసుకుంటున్నాడు. ఆమె తడి సిమెంటు మీదే కూర్చుని నన్ను పక్కన పెట్టింది. ఉప్పునీళ్ళు నా అట్టలోకి ఎక్కాయి. అప్పుడు వాళ్ళిద్దరిలో ఎవరికీ అది పట్టలేదు.

“సంతకం ఎడితే నువ్వూ ఆళ్ళ నీళ్ళలోకి ఎళ్ళినట్టు ఒప్పుకున్నట్టే మావా. నీ బోటు లైసెన్సు ఆపీగలరు. కేసు కూడా అవ్వచ్చు. అది సెప్పకుండా అడగొద్దన్నారు మా మేడమ్.”

ఎల్లాజీ నవ్వాడు. “మీ మేడమ్ మంచిదే. నానయితే సంతకం అయినాక సెప్దును.” నవ్వు అంతలోనే పోయింది. “నా బోటు మీద ఎనిమిది ఇళ్ళు బతుకుతన్నాయమ్మీ. నాను ఎట్టను.”

మంగళవారం ఆమె మళ్ళీ వెళితే అతను బోటులోంచి దిగనేలేదు. ఏమైందని తాతారావు భార్య అడిగితే, ప్రయత్నిస్తున్నామంది పైడితల్లి. ఎల్లాజీ పేరు మాత్రం చెప్పలేదు. చెబితే ఆ మనిషి పేటలో తలెత్తుకోలేడని ఆమెకు తెలుసు.

బుధవారం మధ్యాహ్నం మూడయింది. పైడితల్లి మేడమ్ గదిలో గడియారాన్ని చూస్తూ కూర్చుంది. తలుపు దగ్గర దగ్గు వినిపించింది. ఎల్లాజీ. తువ్వాల్లో చుట్టిన జీపీఎస్ యంత్రాన్ని బల్ల మీద పెట్టాడు.

“ఆళ్ళ బోటొస్తంటే నాను వల కోసీసి పారిపోయొచ్చీసినాను. తాతారావు కొయ్యలేదు. కొయ్యరా అని కేకేసినాను, ఇన్లేదు. ఆ రోజు నుంచీ ఆడి పెళ్ళాం ఎదురొస్తే సందు మారిపోతన్నాను.” చెయ్యి చాచాడు. “ఎక్కడెట్టాలి సంతకం?”

“ముందు కొలుద్దాం,” అన్నారు మేడమ్.

“కొలిస్తే పన్నెండు లోపల పడితే?” అంది పైడితల్లి.

“పడితే పంపం. అబద్ధం రాయం.”

సముద్రపటం బల్ల మీద పరిచారు. ఫ్యాను గాలికి లేవకుండా ఒక మూల నన్ను పెట్టారు. మేడమ్ యంత్రంలోని అంకెలను బట్టి పటం మీద చుక్క పెట్టి, అక్కణ్ణించి తీరానికి కొలిచారు. మళ్ళీ కొలిచారు. ఎల్లాజీ గుడ్లప్పగించి ఆమె వేళ్ళనే చూస్తున్నాడు. మూడోసారి కొలిచి, కళ్ళజోడు తీసి, “పదమూడు,” అన్నారు.

నోటరీ దగ్గర ప్రమాణం చేయించి అఫిడవిట్ పంపేసరికి ఐదుకు పది నిమిషాలు తక్కువ.

గురువారం ఏమీ తేలలేదు. యంత్రంలో అంకెలు మార్చి ఉంటారని పోలీసులు వాదించారు. తర్వాతి వాయిదాకూ అదే మాట. ఆ రెండు వారాల్లో పైడితల్లి సరిగా అన్నం తినలేదు. మూడో వాయిదాకి, పోలీసుల గస్తీ బోటులో రోజూ రాసుకునే పుస్తకం తెప్పించమని లాయరు పట్టుబట్టింది. జడ్జి తెప్పించారు. ఆ రోజు పేజీలో వాళ్ళు స్వయంగా రాసుకున్నదీ పదమూడే.

ఏడుగురినీ వదిలేశారు. బోటు మాత్రం తిరిగి ఇవ్వలేదు. ఇక్కడ ఎల్లాజీ లైసెన్సు నాలుగు నెలలు ఆపారు. ఆ నాలుగు నెలలూ అతను ఎవరినీ ఏమీ అనలేదు. తర్వాత తాతారావు అతని బోటులోనే వేటకు చేరాడు.

తాతారావు ఇంటికి వచ్చిన మూడో రోజు పైడితల్లి వాకిట్లో కూర్చుని నన్ను తెరిచి, ఆ అధికరణాన్ని తెలుగులో చెప్పింది. అతను చిక్కిపోయి ఉన్నాడు. ఎడమ చేతి వేళ్ళు రెండు ముడుచుకోవడం లేదు. వేటకు వెళ్ళేనాటికి అవి బాగానే ఉండేవి.

“ఇది ఆళ్ళకి తెల్దేటి?” అన్నాడు.

“తెలుసన్నయ్యా. ఆళ్ళ దేశం కూడా సంతకం ఎట్టింది.”

“పదమూడని కూడా తెలుసు.”

“తెలుసు.”

“మరెందుకమ్మీ?”

పైడితల్లి పేజీ తిప్పి చూసి, మళ్ళీ వెనక్కి తిప్పింది. అతనే, “మళ్ళీ సదువు,” అన్నాడు. ఆమె మళ్ళీ చదివింది.

ఇప్పుడు నేను లైబ్రరీ వెనక గదిలో, పాత పుస్తకాల కట్టలో ఉన్నాను. ఉప్పుకి అట్ట ఊడిపోయింది, పేజీలు అంటుకుపోయాయి. బీరువాలో నా చోటికి కొత్త ముద్రణ వచ్చింది. చేసేదేమీ లేక నన్ను నేనే మొదటినుంచీ చదువుకుంటూ ఉంటాను. ఎనిమిది వందల పేజీల్లోనూ తాతారావు అడిగిన దానికి జవాబు కనిపించలేదు.