మూడో సిలిండరు చప్పుడు

ఇంజను వేడెక్కి నూనె పలచబడేసరికి చప్పుడు మళ్లీ మొదలైంది. టిక్కు, టిక్కు, టిక్కు. పెనుకొండలో ముప్పై ఏళ్లుగా ట్రాక్టర్లు విప్పి బిగిస్తున్న హనుమప్ప మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి వణికాడు. అదే చప్పుడు. నిరుడు తిమ్మరాజు తెచ్చిన చప్పుడు.

ఆ సంగతి తనకు తప్ప ఎవరికీ తెలియదని హనుమప్ప నమ్మకం. నిరుడు విత్తనాల వేళ, షెడ్డు ముందు అరడజను బండ్లు నిలబడి ఉండగా, ఎర్రమంచి తిమ్మరాజు వచ్చాడు. "ఏమప్పా, నేనే మూడుసార్లు గ్యాప్ సరిజేసినా. సద్దు పోలేదు. ఒకతూరి ఇప్పి చూడప్పా" అన్నాడు. హనుమప్ప తల కూడా ఎత్తలేదు. "పాత బండి అన్నాక ఆ మాత్రం సద్దు ఉంటాది. ఏం గాదు, పోప్పా" అన్నాడు.

తిమ్మరాజు ఇంటిదారి పట్టాడు. వంక దగ్గర వాలులో బండి నిలిపి, ఇంజను ఆపకుండా దిగి, బానెట్‌కు చెవి పెట్టి వింటున్నాడు. బండి జారింది. దూరం నుంచి చూసిన గొర్రెల కాపరి కేకలు వేస్తూ వచ్చేసరికి ట్రాక్టరు వంక నీళ్లలో ఉంది, మనిషి దాని కింద ఉన్నాడు.

ఏడాది తుప్పు పట్టిన ఆ బండిని పోయిన నెల తిమ్మరాజు భార్య నీలావతి లారీ మీద తెచ్చింది. హిందూపురంలో అంత పెద్ద షెడ్లు ఉండగా తన దగ్గరికే ఎందుకు తెచ్చిందో హనుమప్ప అడగలేదు. అడిగే ధైర్యం చాలలేదు. పిస్టన్లు, లైనర్లు, వాల్వులు, అన్నీ కొత్తవి వేశాడు. ఒక్కటి తప్ప.

అది అతని గురువు నేర్పిన చాదస్తం. ఇంజను ఎంత కొత్తగా కట్టినా పాతది ఒకటి లోపల ఉండాలట, లేకపోతే బండికి యజమాని గుర్తుండడట. మామూలుగా ఏ బోల్టో ఉంచి చేతులు దులుపుకునేవాడు. ఆ మాట చెబితే నీలావతి, "అయితే ఆయన చెయ్యి తగిలినది ఉంచన్నా" అంది. తిమ్మరాజు తన చేత్తో సరిచేసుకునేది రాకర్లనే. వాల్వులను కిందికి నొక్కే ఇనుప చేతులవి. మూడో సిలిండరుది ఒకటి ఉంచాడు.

రాకరుకూ వాల్వుకూ మధ్య సందు ఉండాల్సినంతే ఉంది. సందు కొలిచే గేజి రేకు ఎంత బిగువుగా దూరాలో అంత బిగువుగానే దూరుతోంది. చల్లగా ఉన్నప్పుడు చూశాడు, వేడిగా ఉన్నప్పుడు చూశాడు. హెడ్ బోల్టులు మళ్లీ బిగించాడు. రాకర్లను తోసే కడ్డీలను అద్దం మీద దొర్లించాడు, ఒక్కటీ వంగలేదు. గేజి అబద్ధం చెప్పదు కదా, మరి లోపల కొడుతున్నది ఎవరు? నిమ్మకాయ కట్టాడు, కర్పూరం వెలిగించాడు. చప్పుడు వాటిని ఖాతరు చేయలేదు.

మొన్న వాన పడింది. పదును ఆరకముందే శనక్కాయ వేయాలని నీలావతి సాయంత్రం బండికి వస్తోంది. ఈ చప్పుడుతోనే ఇస్తే ఆమె కూడా ఏ వాలులోనో దిగి చెవి పెడుతుంది.

చివరికి, ముట్టుకోవడానికి భయపడుతున్నదాన్నే విప్పాడు. పాత రాకరు కొసను ఎండకు తిప్పి వేలితో తడిమాడు. వాల్వు ఏళ్ల తరబడి కొట్టీ కొట్టీ అక్కడ చిన్న గుంట పడింది. గేజి రేకు ఆ గుంట అంచుల మీదే ఆనుతోంది, గుంట లోతు కొలతకు అందడం లేదు. తిమ్మరాజు గేజి కూడా ఇలాగే మోసపోయి ఉంటుంది.

దయ్యమూ లేదు, పాడూ లేదు. ఊరట కలగాలి. కలగలేదు. దయ్యమే అయితే బాగుండేది.

కొత్త రాకరు వేశాడు. గంటసేపు నడిచినా ఇంజను నోరెత్తలేదు.

నీలావతి వచ్చి బానెట్ పక్కన నిలబడి చాలాసేపు వింది. "సద్దు పోయిండాదే. ఏంటికి వచ్చిందన్నా?"

హనుమప్ప రాకరును ఆమె చేతిలో పెట్టి గుంట చూపించాడు. అక్కడితో ఊరుకోవచ్చు. నోరు ఊరుకోలేదు. "అమ్మా, నిరుడు తిమ్మరాజు..."

"నీకాడికి వచ్చిండె. తెలుసు. 'ఏం గాదన్నాడు హనుమప్ప' అని దోవలో ఫోన్ జేసి చెప్పినాడు." ఆమె బొటనవేలు గుంటలోనే తిరుగుతోంది. "దీన్ని కనుక్కునేకి ఎంతసేపు పట్టిందన్నా?"

"ఇప్పినాక... పది నిమిషాలు."

"ఆ పొద్దు గూడా అంతే పట్టేది గదా."

ఆమె బండి ఎక్కి కూర్చుని గేరు వేసింది. కదలబోతూ వంగి, రాకరును తిరిగి హనుమప్ప చేతిలో పెట్టింది.

"పాతది ఒకటి ఉండాలంటివి గదన్నా. నీకాడ ఉండనీ."